రోస్ట్ బీఫ్‌కి ఇంట్లోనే గ్రేవీ: ట్రే అడుగున మిగిలినదే అసలు సరుకు

ఓవెన్‌లోంచి రోస్ట్ తీసి మాంసాన్ని పళ్లెంలోకి మార్చాక, ఆ ట్రేని నేరుగా సింకులో పెట్టి నీళ్లు వదిలేశారంటే మీ గ్రేవీని చేజేతులా పారబోసుకున్నట్టే. ట్రే అడుగున ముదురు గోధుమరంగులో అంటుకుపోయినది, దాని చుట్టూ కరిగి తేలుతున్న కొవ్వు, ఇవే అసలు సరుకు. మైదా, స్టాక్ (ఎముకలు, మాంసం మరిగించి వడకట్టిన రసం), మిరియాలు అన్నీ దానికి తోడు వచ్చేవే. ప్యాకెట్ పొడి కలిపితే చిక్కదనం వస్తుంది, ఉప్పదనం వస్తుంది. కానీ అంతసేపు ఓవెన్‌లో కాలిన ఆ మాంసం రుచి దాంట్లో ఎక్కణ్ణుంచి వస్తుంది? అది ట్రేలో ఉంది.

అందుకే గ్రేవీ పని రోస్ట్ బయటికి వచ్చాక మొదలవదు, రోస్ట్ లోపల ఉన్నప్పుడే మొదలవుతుంది. అడుగున చేరేది మాడిపోకుండా చూసుకోవాలి, తర్వాత దాన్ని గోకి కరిగించాలి, దాని రుచి చచ్చిపోకుండా చిక్కబరచాలి. స్టవ్ దగ్గర మీరు నిలబడే సమయం ఇరవై నిమిషాలకు మించదు. కాల్చిన మాంసాన్ని కోసే ముందు ఎలాగూ పావుగంట నుంచి అరగంట దాకా కదపకుండా ఉంచాలి కదా, ఆలోపు గ్రేవీ అయిపోతుంది.

ఆరుగురికి సరిపోయే గ్రేవీకి కావలసినవి ఇవి: ట్రేలోంచి తీసిన కొవ్వు 3 టేబుల్‌స్పూన్లు, మైదా 3 టేబుల్‌స్పూన్లు, ఉప్పు తక్కువగా ఉన్న బీఫ్ స్టాక్ 2 కప్పులు, అంటే సుమారు 480 మిల్లీలీటర్లు. ఇంకో అర కప్పు స్టాక్ పక్కన ఉంచుకోండి, చివర్లో పలుచన చేయడానికి పనికొస్తుంది. ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక క్యారెట్, మిరియాల పొడి, ఉప్పు. సోయా సాస్ ఒక టీస్పూను, వెనిగర్ అర టీస్పూను ఉంటే మంచిది, లేకపోయినా ఆగిపోయేదేం లేదు. సామాన్లలో విస్క్ (తీగలతో చేసిన గిలక), చెక్క గరిట, సన్నని జాలీ ఉంటే చాలు.

రోస్ట్ ఓవెన్‌లో ఉన్నప్పుడు

ముందు ట్రే సంగతి. మాంసం చుట్టూ రెండు మూడు వేళ్ల జాగా మాత్రమే మిగిలే ట్రే తీసుకోండి. మరీ పెద్దదైతే కారిన రసం పల్చగా పరుచుకుని క్షణాల్లో మాడిపోతుంది. మరీ లోతుగా, ఇరుకుగా ఉంటే ఆవిరి బయటికి పోక మాంసం కాలే బదులు ఉడుకుతుంది, అడుగున రంగు రాదు. నాన్‌స్టిక్ ట్రే కడగడానికి సుఖమే కానీ గ్రేవీకి అంత మంచిది కాదు, అడుగున ఏదీ సరిగా అంటుకోదు మరి.

ఉల్లిపాయని వేలు మందాన చక్రాల్లా కోసి, క్యారెట్‌ని పెద్ద ముక్కలు చేసి, మాంసం కింద పరచండి. సన్నగా తరిగితే మాంసం అయ్యేలోపు బొగ్గవుతాయి, అందుకే మందంగా ఉండాలి. ఇవి రెండు పనులు చేస్తాయి: మాంసాన్ని ట్రేకి తగలకుండా కాస్త ఎత్తులో పెడతాయి, పైగా వాటి తీపి రసం అడుగున చేరి మంచి రంగు తెస్తుంది.

ఆ రంగు ఎలా వస్తుందో తెలిస్తే మిగతా పనంతా తేలికవుతుంది. మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి కొత్త రుచులుగా, కొత్త వాసనలుగా మారతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరు మీద దీన్ని మయార్ చర్య అంటారు. ఇది చురుగ్గా సాగాలంటే వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాకా పోవాలి. నీళ్లున్నంతసేపూ ఆ చోటు 100 డిగ్రీలు దాటదు. కాబట్టి మొదటి నుంచీ ట్రేలో నీళ్లు నింపి పెడితే అడుగున రుచి పుట్టదు. ఒక్క చుక్క తడి కూడా లేకుండా వదిలేస్తే గోధుమరంగు దాటిపోయి నలుపవుతుంది. సగం సమయం గడిచాక ఒకసారి తలుపు తీసి చూడండి. ట్రే మూలలు నల్లబడే సూచన కనిపిస్తే పావు కప్పు వేడి నీళ్లు పోయండి, అంతకంటే వద్దు. ఆ తర్వాత ప్రతి ఇరవై నిమిషాలకూ ఓ చూపు వేస్తే చాలు.

మీరు 120 డిగ్రీల దగ్గర నిదానంగా కాల్చే రకమైతే ఒక మాట. ఆ పద్ధతిలో మాంసం మెత్తగా, రసం నిండుగా వస్తుంది. రసం చాలావరకు మాంసంలోనే ఉండిపోయింది కాబట్టి ట్రేలో పెద్దగా ఏమీ మిగలదు. అలాంటప్పుడు ఓవెన్‌లో పెట్టే ముందే మాంసాన్ని మందపాటి ఇనప పెనం మీద అన్ని వైపులా ఎర్రగా కాల్చి, ఆ పెనం అడుగున అంటుకున్న దానితోనే గ్రేవీ చేయండి. పెనాన్ని కడగొద్దని ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

ట్రేని చెవులతో వినండి

మాంసాన్ని తీసి పళ్లెంలో పెట్టి, పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. బిగించి కడితే పైన కరకరలాడే పొర మెత్తబడిపోతుంది.

ఇప్పుడు ట్రేలో కొవ్వు, రసం, నీళ్లు, కూరగాయ ముక్కలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ట్రే ఉక్కుదైనా, మందపాటి అల్యూమినియందైనా స్టవ్ మీద మధ్యస్థంగా మంట పెట్టి ఉంచండి. మొదట బుడబుడమని మరుగుతుంది. అది నీరు. రెండు మూడు నిమిషాలకు బుడగలు చిన్నవవుతాయి, చప్పుడు మారుతుంది, బుడబుడ పోయి చిటపట మొదలవుతుంది. నీరంతా ఇగిరిపోయి, ఉన్న రసమంతా అడుగుకి చేరి అంటుకుందని ఆ చప్పుడే చెబుతుంది. ఇప్పుడు ట్రేని వంచి చూస్తే మూలకి చేరే కొవ్వు అద్దంలా తేటగా ఉంటుంది, మబ్బుగా ఉండదు. అది కనిపించగానే మంట తీసేయండి. ఇంకో నిమిషం ఉంచితే మాడువాసన మొదలవుతుంది.

నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైన అడుగు ఇదే. చాలా వంటల పుస్తకాలు దీన్ని దాటేసి నేరుగా స్టాక్ పోయమంటాయి. ఈ రెండు నిమిషాలు ఆగితే రంగూ రుచీ కళ్లెదుటే ముదురుతాయి, కొవ్వు కూడా తనంతట తానే వేరుపడుతుంది, దాన్ని తీయడానికి వేరే పరికరం అక్కర్లేదు.

గాజు ట్రే, పింగాణీ ట్రే మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మంట మీద పెట్టకండి. ఒక్కచోట వేడి తగిలి పగిలిపోతాయి. కాలుతున్న గాజు ట్రేలో చల్లటి నీళ్లు పోసినా అదే ప్రమాదం. ఖాళీ ట్రేని మళ్లీ ఓవెన్‌లో పెట్టి నీరు ఇగిరేదాకా ఉంచండి, తర్వాత పోసే స్టాక్ బాగా వేడిగా ఉండేలా చూసుకోండి.

తేటగా ఉన్న కొవ్వుని ఒక గిన్నెలోకి వంచండి. అందులోంచి 3 టేబుల్‌స్పూన్లు గ్రేవీకి తీసుకుని మిగిలింది ఫ్రిజ్‌లో దాచుకోండి, బంగాళాదుంపలు వేయించుకుంటే అదిరిపోతాయి. కొవ్వు తక్కువ పడితే వెన్నతో కొలత సరిచేయండి. కొవ్వంతా వేసేద్దామన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. పిండి పట్టుకోగలిగినంతే పట్టుకుంటుంది, మిగతాది పైన తెట్టులా తేలి నాలుకకి జిడ్డుగా తగులుతుంది.

అంటుకున్నదాన్ని ఊడదీయడం

ట్రే అడుగు నుంచి చిన్న ముక్క గోకి నోట్లో వేసుకోండి. ముదురు రంగులో ఉన్నా తియ్యగా, కమ్మగా, ఉప్పగా ఉంటే ముందుకు సాగండి. చేదుగా ఉంటే అది మాడినట్టే. దాంతో గ్రేవీ చేయకండి, పంచదార వేసినా స్టాక్ ఎక్కువ పోసినా ఆ చేదు పోదు. అక్కడక్కడా మాత్రమే నల్లబడి ఉంటే ఆ మచ్చల్ని వదిలేసి మిగతాది వాడుకోవచ్చు. మొత్తం నల్లబడితే, ట్రే ఖాళీగా ఉన్నవాళ్ల కోసం కింద రాసిన ఉల్లిపాయ పద్ధతికి వెళ్లిపోండి.

బాగుంటే, ట్రే వేడిగా ఉండగానే ఒక కప్పు వేడి స్టాక్ పోయండి. బుస్సుమని ఆవిరి లేస్తుంది, మొహం కాస్త దూరంగా పెట్టుకోండి. చెక్క గరిటతో అడుగంతా గోకండి, ముఖ్యంగా మూలలు, అంచులు. నిమిషంలో ట్రే తేటపడి స్టాక్ ముదురు రంగుకి తిరుగుతుంది. ఉల్లిపాయ ముక్కల్ని గరిటతో ఒత్తి వాటి రసం కూడా దాంట్లోకి దింపండి. అన్నిటినీ కలిపి ఒక జగ్గులోకి వంచి పెట్టుకోండి.

రెడ్ వైన్ వేసే అలవాటుంటే వేయాల్సింది ఇక్కడే, స్టాక్ కంటే ముందు. అర కప్పు పోసి, సగానికి సగం ఇగిరి ఘాటు వాసన పోయేదాకా మరిగించాకే స్టాక్ పోయండి. చివర్లో పోస్తే గ్రేవీలో పచ్చి వైన్ రుచి అలాగే ఉండిపోతుంది.

పిండి వేయించడం

ఒక మందపాటి గిన్నెలో కొవ్వు వేడి చేసి, సన్న మంట మీద మైదా వేసి విస్క్‌తో కలుపుతూ ఉండండి. పిండిని కొవ్వులో ముందుగా వేయించడానికి కారణం ఉంది. పొడి పిండిని నేరుగా వేడి స్టాక్‌లో వేస్తే, ప్రతి ముద్దకీ పైపొర వెంటనే ఉడికి జిగురుగా మారుతుంది, లోపలికి తడి చేరదు, ఉండ కడుతుంది. కొవ్వు ప్రతి రేణువు చుట్టూ పూత పట్టి ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తుంది కాబట్టి స్టాక్ పోసినప్పుడు విడివిడిగా ఉబ్బుతాయి.

రెండు నిమిషాలకు పచ్చి పిండి వాసన పోతుంది. బీఫ్‌కి అక్కడితో ఆపకండి, ఇంకో రెండు మూడు నిమిషాలు వేయిస్తే లేత గోధుమరంగు వచ్చి వేరుశెనగలు వేయించినట్టు వాసన వస్తుంది. అదే సరైన సమయం. ఇంకా ముదరనిస్తే రుచి పెరుగుతుంది కానీ పిండికి చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. అలా వేయించాలనుకుంటే పిండి, కొవ్వు అర టేబుల్‌స్పూను చొప్పున ఎక్కువ తీసుకోండి.

జగ్గులోని ట్రే రసాన్ని ఇప్పుడు కొద్దికొద్దిగా పోయాలి. మొదటి పావు కప్పు పోయగానే పిండి బిగుసుకుని ముద్దలా అవుతుంది. అది చూసి గాభరాపడి మొత్తం గుమ్మరించకండి. ఆ ముద్దని విస్క్‌తో నున్నగా అయ్యేదాకా కలపండి, ఇంకో పావు కప్పు పోసి మళ్లీ కలపండి. పేస్టు జారుగా, నున్నగా అయ్యాక మిగతాదంతా ధైర్యంగా పోసేయొచ్చు. ఉండలు కట్టేది మొదటి అర కప్పు దగ్గరే, అది దాటితే భయం లేదు. జగ్గులోదంతా పోశాక మిగిలిన కప్పు స్టాక్ కూడా పోసి మంట పెంచండి.

ఒక మరుగు రావాలి, అది తప్పనిసరి. పిండి 60 డిగ్రీలు దాటాక ఉబ్బడం మొదలుపెట్టినా, దాని అసలు చిక్కదనం తెలిసేది మరిగాకే. మరగకముందే పలుచగా ఉందని ఇంకో రెండు చెంచాల పిండి కలిపితే, ఐదు నిమిషాల్లో మీ చేతిలో గ్రేవీకి బదులు జావ ఉంటుంది. మరిగాక మంట తగ్గించి, ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కుతకుతలాడనివ్వండి. గరిట ముంచి తీసి దాని వెనక వేలితో గీత గీయండి. గీత రెండువైపులా కలిసిపోకుండా నిలబడితే సరిపోయినట్టు. పళ్లెంలోకి వెళ్లాక చల్లారుతూ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి స్టవ్ మీద ఉండగా కొంచెం పలుచగా అనిపించడమే మంచిది.

మాంసం పళ్లెంలో ఊరిన రసం

ఈపాటికి రేకు కింద పళ్లెంలో రెండు మూడు చెంచాల ఎర్రటి రసం ఊరి ఉంటుంది. దాన్ని రక్తం అనుకుని పారబోసేవాళ్లు ఉన్నారు. రక్తం కాదు, నీటిలో కరిగిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ వల్ల ఆ రంగు వస్తుంది. ఇంత రుచి ఉన్న రసాన్ని వదులుకోవద్దు, గ్రేవీలో కలిపేయండి. లోపల గులాబిరంగు ఉండేలా కాల్చిన మాంసం రసం కాబట్టి కలిపాక మళ్లీ ఒక మరుగు రానివ్వండి. అప్పుడు ఆ ప్రొటీన్ గడ్డకట్టి చిన్న చిన్న బూడిదరంగు తునకలుగా తేలుతుంది. గ్రేవీ విరిగిపోయిందేమో అనిపిస్తుంది, విరగలేదు. ఆ తునకల్ని జాలీ పట్టేస్తుంది. వడపోత చివరికి ఉంచుకోమనేది ఇందుకే.

సన్నని జాలీలోంచి వడపోయండి. ఉల్లి, క్యారెట్ ముక్కల్ని చెంచాతో గట్టిగా నొక్కి చివరి చుక్క దాకా పిండండి.

ఉప్పు వేయాల్సింది ఇప్పుడు, ఇంతకంటే ముందు వద్దు. ట్రేలో మాంసం మీంచి జారిన ఉప్పు ఉంది, స్టాక్‌లో ఉంది, మరిగే కొద్దీ నీరు పోయి ఆ ఉప్పంతా చిక్కబడింది. చాలాసార్లు అసలు వేయాల్సిన అవసరమే రాదు. స్టాక్ క్యూబ్ వాడేవాళ్లు ప్యాకెట్ మీద రాసిన నీళ్లకి రెట్టింపు నీళ్లలో కరిగించుకోండి, లేకపోతే ఉప్పు కషాయమే మిగులుతుంది.

రుచి చూసినప్పుడు ఉప్పు సరిపోయినా ఏదో వెలితిగా ఉంటే అర టీస్పూను సోయా సాస్ వేయండి, చాలకపోతే ఇంకో అర. సోయా సాస్‌లోని గ్లూటమేట్, మాంసంలో సహజంగా ఉండే ఇనోసినేట్ కలిస్తే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, మాంసం రుచి ఇంకా ముందుకొస్తుంది. సోయా రుచి విడిగా తెలిసిందంటే ఎక్కువైందన్నమాట. కొవ్వు నోటికి బరువుగా తగిలితే కొన్ని చుక్కల వెనిగర్. మిరియాల పొడి దించే ముందు తాజాగా దంచి వేయండి, ఎక్కువసేపు మరిగితే దాని పరిమళం పోయి కారం మాత్రమే మిగులుతుంది. వెల్లుల్లి, రకరకాల ఎండు ఆకులు, క్రీమ్ అన్నీ వేసి మురిసిపోయేవాళ్లని వద్దనను, కానీ మంచి రోస్ట్ ట్రే ఉన్న రోజు అవేవీ అక్కర్లేదు.

తేడా వస్తే

ఉండలు కడితే కంగారు లేదు, ఎలాగూ వడపోస్తున్నారు. మరీ పలుచగా వస్తే ముందు ఇంకాస్త మరిగించండి. టైం లేకపోతే మెత్తబడిన వెన్న, మైదా ఒక్కో టేబుల్‌స్పూను కలిపి పిసికి, ఆ ముద్దని చిటికెడు చిటికెడుగా మరిగే గ్రేవీలో వేస్తూ విస్క్‌తో కలపండి, రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వండి. చిక్కగా అయితే పక్కన పెట్టుకున్న వేడి స్టాక్ ఉండనే ఉంది.

ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేయమంటారు. అది ఉప్పుని ఏరుకుని పీల్చుకోదు, చుట్టూ ఉన్న ఉప్పటి గ్రేవీనే పీల్చుకుంటుంది, మిగిలిన గ్రేవీ ఎంత ఉప్పగా ఉండేదో అంతే ఉంటుంది. ఉప్పు లేని స్టాకో నీళ్లో పోసి పలుచన చేసి, మళ్లీ చిక్కబరచడం ఒక్కటే దారి. గ్రేవీ ఎక్కువవుతుంది, అవనివ్వండి.

మైదా పడనివాళ్లకి కార్న్‌ఫ్లోర్ ఉంది. చిక్కబరచడంలో మైదాకి రెట్టింపు శక్తి కాబట్టి కొలత సగం చాలు, 2 కప్పులకి టేబుల్‌స్పూనున్నర. దీన్ని వేయించకూడదు. చల్లటి నీళ్లలో జారుగా కలిపి, మరుగుతున్న ట్రే రసంలో సన్నటి ధారగా పోస్తూ కలపండి, ఒక్క నిమిషం మరిగించి దించేయండి. ఎక్కువసేపు మరిగించినా, గట్టిగా గిలకొట్టినా మళ్లీ పలుచనైపోతుంది. మెరుపు బాగుంటుంది. ముద్దకి పట్టే నిండుదనం మాత్రం మైదాకే ఉందని నా అభిప్రాయం.

ట్రేలో ఏమీ లేని రోజు, లేదా ఉన్నది మాడిపోయిన రోజు, రెండు ఉల్లిపాయల్ని సన్నగా తరిగి 3 టేబుల్‌స్పూన్ల వెన్నలో చిటికెడు ఉప్పు వేసి సన్న మంట మీద ముప్పై నుంచి నలభై నిమిషాలు వేయించండి. ముదురు ఎరుపు తిరగాలి, తొందరపడితే అంచులు మాడి లోపల పచ్చిగా ఉంటాయి. అడుగంటినప్పుడల్లా చెంచాడు నీళ్లు చల్లి గోకుతూ ఉండండి, ఇక్కడ మీకు ట్రే అడుగు లేని లోటు తీర్చేది ఆ గోకుడే. తర్వాత ఒక టీస్పూను టమాటా పేస్టు వేసి నిమిషం వేయించి, మైదా వేసి, పైన చెప్పినట్టే స్టాక్ పోసుకుంటూ పోండి. దీన్ని వడపోయక్కర్లేదు, ఉల్లిపాయలు పంటికి తగులుతూ ఉంటేనే బాగుంటుంది.

వడ్డించే దాకా, మిగిలిపోయాక

గ్రేవీని మూతపెట్టి అతి సన్న మంట మీద ఉంచండి. పైన మీగడలా పొర కట్టకుండా చిన్న వెన్న ముక్కని గ్రేవీ మీద తిప్పితే సరి. వడ్డించే జగ్గులో ముందు వేడినీళ్లు పోసి ఉంచి, పారబోసి తుడిచి, అప్పుడు గ్రేవీ పోయండి. చల్లటి జగ్గులో పోస్తే టేబుల్ మీదకి వచ్చేలోపే కొవ్వు పేరుకోవడం మొదలవుతుంది.

మిగిలితే రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. వెడల్పాటి డబ్బాలో పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో అయితే రెండు మూడు నెలలు బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు జెల్లీలా గడ్డకట్టి ఉంటే సంతోషించండి, మీ స్టాక్‌లో జెలటిన్ బాగా ఉందన్నమాట. రెండు చెంచాల వేడినీళ్లు వేసి, విస్క్‌తో కలుపుతూ, అంచుల్లోనే కాకుండా మధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా మరిగించండి. ఫ్రీజర్‌లో పెట్టినది కరిగాక నీరు నీరుగా విడిపోయినట్టు కనిపిస్తుంది, మరుగుతుండగా విస్క్‌తో గట్టిగా కలిపితే మళ్లీ కలుస్తుంది. కార్న్‌ఫ్లోర్‌తో చేసినది మాత్రం అంత బాగా కలవదు, దాన్ని ఫ్రీజర్‌లో పెట్టకుండా రెండు రోజుల్లో తినేయండి.